అన్ని కథల్లోనూ ఆయనే

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక కథారచయిత రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. పొడవైన ఉత్తరం కాబట్టి కుదించి ఇస్తున్నాను.

"నాకు నలభై నాలుగేళ్లు. నా ఆరో ఏట నాన్న పోయారు. ఎనిమిదో ఏట అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. బాబాయి అని పిలిచేవాణ్ని. కొట్టేవారు. దెబ్బల కన్నా నాకు ఎక్కువగా గుర్తున్నది ఆయన నా పేరు మీద రాసిన పద్దు పుస్తకం. బలపాల దగ్గర నుంచి జ్వరం మందుల వరకు నా కోసం పెట్టిన ప్రతి పైసా అందులో ఎక్కించేవారు. యార్డు సెలవు రోజున నన్ను ఎదురుగా నిలబెట్టి అంతా చదివి, మొత్తం ఎంత బాకీ ఉన్నానో నా నోటితో చెప్పించేవారు. నాన్న తరఫు తాతయ్య వాళ్లు నన్ను తమ దగ్గరే ఉంచెయ్యమన్నా అమ్మ ఒప్పుకోక వెంట తెచ్చుకుందట. తరువాత చెల్లెలు పుట్టింది. దానికి పద్దు లేదు. ఆయన పక్షవాతంతో చాలాకాలం మంచాన ఉండి నాలుగేళ్ల కిందట పోయారు. ఆ పుస్తకం ఇప్పుడు చెల్లెలి దగ్గర ఉందని అమ్మ అన్నది. దాని గురించి ఇంతవరకు ఏ కథలోనూ రాయలేదు.

"నా కథలు పదకొండు అచ్చయ్యాయి. అన్నిటిలోనూ విలన్ ఒక్కడే అని ఒక మిత్రుడు అన్నాడు. విజయవాడలో ఉండే చెల్లెలు చివరి కథ చదివి, 'మా నాన్న అలాంటివాడు కాదు' అని ఫోను పెట్టేసింది. ఆమె భర్త పరువునష్టం దావా దాకా మాట్లాడాడు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నా కథలు చదువుతుంది, ఏమీ అనదు. ఇప్పుడు నవల మొదలుపెట్టాను. అందులోకీ ఆయనే వచ్చాడు. రాసిన రాత్రి నిద్ర పట్టడం లేదు. నా చేతికి ఇంకో మనిషి రాడా? ఆయన అలా ఉండకపోతే నేను అసలు రచయితనే అయ్యేవాణ్ని కాదేమోనని కూడా అనిపిస్తోంది. కలం పేరుతో రాస్తే మేలా?"

మీరు ఉత్తరంతో పాటు పంపిన మూడు కథలూ చదివాను. మీ మిత్రుడి మాటలో నిజం ఉంది గానీ, అది మీకు పనికొచ్చే నిజం కాదు. మొదటి కథలో ఆయన తెనాలి వడ్డీ వ్యాపారి. రెండో కథలో హాస్టలు వార్డెను. మూడో కథలో కోడలిని రాచి రంపాన పెట్టే మామ. మూడు చోట్లా ఆయన గుమ్మం ఎక్కకముందే ఇంట్లో ఎవరో ఒకరికి తుమ్ములు వస్తాయి. పొద్దస్తమానం మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య తిరిగి వచ్చిన చొక్కాకు ఆ ఘాటు ఉంటుంది, సరే. హాస్టలు వార్డెను చొక్కాకు ఎక్కడిది? వేషం మార్చారు, చొక్కా మార్చడం మరిచారు. నిజం చెప్పాలంటే ఆ మూడు కథల్లో నేను నమ్మిన చోటు ఆ తుమ్ము ఒక్కటే. మిగతాది, కోపగించుకోకండి, కళ్లెర్రజేసే మగవాడూ, గోడకు అతుక్కుపోయి వణికే పిల్లవాడూ. వారపత్రికలు చదివేవాళ్లకు ఈ ఇద్దరూ పాత చుట్టాలే.

ఒకే మనిషి మళ్లీ మళ్లీ కథలోకి రావడం జబ్బేమీ కాదు. ఆయన వచ్చిన ప్రతిసారీ మీరు అదే గోడ పక్కన, అదే ఎనిమిదేళ్ల ఎత్తున నిలబడి చూస్తున్నారు. ఇబ్బంది అక్కడ ఉంది. ఇంకొక సంగతి కూడా గమనించాను. మూడు కథల్లోనూ ఒక ఆడమనిషి వంటింట్లో అటు తిరిగి నిలబడి ఉంటుంది. ఆమెకు పేరు లేదు, మాట లేదు. వడ్డీ వ్యాపారి భార్య, హాస్టలు వంటమనిషి, అత్తగారు. ఆమె ఒక్కసారి ఇటు తిరిగితే మీ కథ మారిపోతుంది. మీరు తిరగనివ్వడం లేదు.

ఇలా చేసినవారిలో మీకన్నా చాలా పెద్దవాళ్లు ఉన్నారు. మారుతండ్రి అనగానే ఇంగ్లీషు నవలలు చదివిన వాళ్లకు గుర్తొచ్చేవాడు 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లోని మర్డ్‌స్టన్. 1849, 50 సంవత్సరాల్లో చార్లెస్ డికెన్స్ భాగాలు భాగాలుగా ప్రచురించిన నవల అది. అందులో మర్డ్‌స్టన్ పిల్లవాడికి ఒక లెక్క ఇస్తాడు: అంగడికి వెళ్లి ఒక్కొక్కటి నాలుగున్నర పెన్నీల చొప్పున ఐదు వేల చీజ్ గడ్డలు కొంటే ఎంత చెల్లించాలి? ఆ లెక్క పిల్లవాడికి రాకూడదనే ఇచ్చాడు. మీ బాబాయి పద్దు పుస్తకం గురించి చదవగానే నాకు మొదట ఆ లెక్కే గుర్తొచ్చింది. చిన్నపిల్లల మీద అంకెలను ఇలా వాడవచ్చని ఎవరు ఎవరికి నేర్పారో! బెత్తం అందుకున్న మర్డ్‌స్టన్ చేతిని డేవిడ్ కొరుకుతాడు. దానికి శిక్షగా దూరపు బడికి పంపి, వీడు కరుస్తాడు జాగ్రత్త అని వీపుకు అట్ట తగిలిస్తారు.

ఇంత చదివాక, పాపం డికెన్స్ మారుతండ్రి చేతిలో ఎన్ని బాధలు పడ్డాడో అనుకుంటాం. డికెన్స్‌కు మారుతండ్రే లేడు. కన్నతండ్రి జాన్ డికెన్స్ అప్పులు తీర్చలేక 1824లో మార్షల్సీ జైలు పాలయ్యాడు. పన్నెండేళ్ల కొడుకు బూటు పాలిషు కార్ఖానాలో డబ్బాలకు చీటీలు అంటించే పనికి వెళ్లాడు. నవలకు వచ్చేసరికి ఆ కార్ఖానా సారా సీసాలు కడిగే గిడ్డంగి అయింది, పిల్లవాణ్ని అక్కడికి తోసిన పాపం మారుతండ్రి నెత్తిన పడింది. అసలు తండ్రిలోని అప్పులూ, నవ్వు పుట్టించే ఆశాభావమూ మికాబర్ అనే ఇంకో పాత్రకు వెళ్లాయి. నవల వచ్చేనాటికి జాన్ డికెన్స్ బతికే ఉన్నాడు, 1851లో పోయాడు.

మీకు కావలసిన ముక్క ఇంకా ఉంది. తండ్రి జైలు నుంచి బయటపడ్డాక, కొడుకు ఆ పని మానేసి వస్తే, మళ్లీ పనికే పంపాలని పట్టుబట్టింది తల్లి. ఆ సంగతి తాను ఎన్నటికీ మరిచిపోలేనని డికెన్స్ తన కోసం రాసుకున్న కాగితాల్లో రాశాడు. ఆ కాగితాలు చూసిన స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్, డికెన్స్ 1870లో పోయిన తరువాత జీవితచరిత్ర రాస్తేనే లోకానికి అది తెలిసింది. నవలలోని తల్లి మాత్రం మెత్తనిది, నోరు లేనిది, తొందరగా చనిపోతుంది. కోపం ఎవరి మీద ఉందో ఆమెను మంచిదాన్ని చేసి దాచేశాడు, బరువంతా మర్డ్‌స్టన్ మోశాడు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోవాలని లేదు. మీ వంటింట్లో అటు తిరిగిన ఆడమనిషిని చూశాక మాత్రం నాకు ఈ అభిప్రాయం ఇంకాస్త గట్టిపడింది.

డికెన్స్ ఒక్కసారితో సరిపెట్టాడు. రష్యన్ రచయిత గోర్కీ మూడుసార్లు తిరిగి వచ్చాడు, మీరు నేర్చుకోవలసింది ఆయన దగ్గర. విజయవాడలో, గుంటూరులో విశాలాంధ్ర పుస్తకాలతో పెరిగిన తరానికి గోర్కీని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన 'అమ్మ' ఎన్ని ఇళ్లలో ఉండేదో! 1906 నాటి ఆ నవల మొదటి పుటల్లోనే, జుట్టు పట్టి ఈడ్వబోయిన తండ్రికి ఎదురుగా పద్నాలుగేళ్ల పావెల్ సుత్తి అందుకుని నిలబడతాడు. తండ్రి తగ్గుతాడు. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. బాధపడిన ప్రతి పిల్లవాడూ తన గురించి తాను అల్లుకునే కథ అదే.

ఏడేళ్ల తరువాత, 1913లో, గోర్కీ తన చిన్నతనాన్ని మారుపేర్లు లేకుండా రాయడం మొదలుపెట్టాడు. అందులో ఉన్నది తండ్రి కాదు, మారుతండ్రి. సుత్తి కాదు, రొట్టె కోసే కత్తి. మోకాళ్ల మీద ఉన్న తల్లి రొమ్ము మీద మారుతండ్రి కాలితో తంతుంటే చూడలేక పిల్లవాడు కత్తి తీసి అతని పక్కలో పొడిచాడు. తల్లి భర్తను పక్కకు నెట్టేయడంతో కోటు చిరిగి చర్మం గీరుకుపోయింది, అంతే. ఆ తరువాతే అసలు కథ. మారుతండ్రి పక్క పట్టుకుని బయటికి పరుగెత్తాడు. తల్లి కొడుకును ఎత్తి నేల మీద పడేసింది. ఆమె చేతుల్లోంచి పిల్లవాణ్ని లాగి కాపాడింది ఎవరనుకున్నారు? పెరట్లోంచి తిరిగి వచ్చిన ఆ మారుతండ్రే. చీకటి పడ్డాక, అతను ఇల్లు వదిలి వెళ్లాక, తల్లి వచ్చి కొడుకును కావలించుకుని, తప్పు నాదేనని ఏడ్చింది.

'అమ్మ'లోని సుత్తి ఘట్టంలో ఇలాంటి మలుపు లేదు. కల్పించుకున్న చోట అంతా తిన్నగా నడిచింది: దుర్మార్గుడు దుర్మార్గుడిలా, వీరుడు వీరుడిలా. జ్ఞాపకానికి తిరిగి వెళ్లిన చోట తన్నినవాడే కాపాడాడు, కాపాడబోయిన బిడ్డను తల్లి నేలకు విసిరింది. కావాలని కల్పిద్దామన్నా ఎవరికీ తట్టని సంగతి అది.

గోర్కీ అక్కడితో ఆగలేదు. 1916లో వచ్చిన రెండో భాగంలో, పిల్లవాడు ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఇంట్లో పనికి కుదిరి ఉండగా, ఆ మారుతండ్రి మళ్లీ ఎదురవుతాడు. క్షయతో శల్యమైపోయాడు. పనివాడైన కుర్రవాడిని గౌరవంగా పలకరిస్తాడు. ఇంట్లోవాళ్లంతా ఆ రోగిని వెక్కిరిస్తుంటే, కుర్రవాడికి అతని మీద ఒక రకమైన ఇష్టం కలుగుతుంది. చివరికి ఆ మనిషి ఆస్పత్రిలో పోతాడు. కత్తి ఘట్టాన్ని గోర్కీ ఎక్కడా కొట్టేయలేదు, మెత్తపరచలేదు. రెండూ పుస్తకాల్లో ఉన్నాయి.

మీ బాబాయి చాలాకాలం మంచాన ఉన్నారని రాశారు. ఆయనకు అన్నం ఎవరు పెట్టారు? పక్క దుప్పట్లు ఎవరు మార్చారు? ఉద్యోగం చేసుకునే కొడుకు ఉన్న ఇల్లు కాబట్టి మీరు కూడా కొన్నిసార్లైనా ఎత్తి కూర్చోబెట్టి ఉంటారు. ఆ చేతి బరువు మీకు తెలుసు. పదకొండు కథల్లో ఒక్క దానిలోనైనా ఆ మంచం ఉందా?

ఇదంతా ఆయన్ని క్షమించమని చెప్పడానికి కాదు. పోయినవాళ్ల గురించి చెడు చెప్పకూడదని మీ చుట్టాలు అంటూ ఉంటారు, అది వాళ్ల సౌకర్యం. ఎనిమిదేళ్ల పిల్లవాడి చేత బాకీ చెప్పించడం క్రూరత్వమే, దానికి రెండో పక్క ఏమీ లేదు. అయితే క్రూరత్వం ఎలా నడిచిందో పాఠకుడికి కనబడాలంటే కళ్లెర్రజేయడం చాలదు. అమెరికన్ రచయిత టోబియాస్ వుల్ఫ్ 1989లో తన చిన్ననాటి జ్ఞాపకాలు రాశాడు. ఆయన మారుతండ్రికి తెల్లరంగు పిచ్చి. ఇల్లంతా తెల్లరంగు వేస్తాడు, పియానోకు వేస్తాడు, చివరికి క్రిస్మస్ చెట్టుకు కూడా వేస్తాడు. పిల్లవాడి చేత సాయంత్రాలు కూర్చోబెట్టి గుట్టల కొద్దీ కాయలు ఒలిపిస్తాడు, అవి అటక మీద పడి బూజు పట్టిపోతాయి. ఆ మనిషి చెడ్డవాడని రచయిత వేరే చెప్పాలా? మీకు అంతకన్నా పదునైన వస్తువు దొరికింది. చిట్టా రాయడమే వృత్తిగా ఉన్న గుమస్తా, ఇంటికి వచ్చి పెళ్లాం వెంట వచ్చిన పిల్లవాడికి ఖాతా తెరిచాడు. అంత గట్టి సంగతిని పెట్టెలో పెట్టి తాళం వేసి, వడ్డీ వ్యాపారులనూ వార్డెన్లనూ అరువు తెచ్చుకున్నారు.

ఇప్పుడు అమ్మగారి దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో దాదాపు దారిన పోతూ రాసినట్టున్న వాక్యం ఒకటుంది: తాతయ్య వాళ్లు మిమ్మల్ని ఉంచుకుంటామంటే అమ్మ ఒప్పుకోలేదని. నాకు మీ నవల అక్కడ మొదలయింది.

మన సాహిత్యంలో సవతి తల్లులకు కొదవ లేదు. ధ్రువుణ్ని తండ్రి తొడ ఎక్కనివ్వని సురుచి నుంచి పేదరాశి పెద్దమ్మ కథల దాకా కావలసినంత మంది ఉన్నారు. మారుతండ్రి మాత్రం వెతికితే గానీ దొరకడు. మగవాడు రెండో పెళ్లి చేసుకున్నంత తేలికగా ఆడది చేసుకోవడానికి వీలు లేకపోవడం దీనికి మొదటి కారణం. వితంతు వివాహ చట్టం 1856లో వచ్చింది గానీ, అందులోనే మెలికలున్నాయి. మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోయేది. ఆ భర్త పిల్లలకు అతని తరఫు బంధువులను సంరక్షకులుగా నియమించమని కోర్టును అడిగే వీలు కూడా ఆ చట్టమే కల్పించింది. అంటే కొత్త ఇంటికి వెళ్లే తల్లి వెంట బిడ్డ వెళ్లడం అనుకున్నంత సహజం కాదు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. మీ గుంటూరులోనే ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు వితంతువుల కోసం పాటుపడ్డారు, 1922లో శారదా నికేతనం పెట్టారు. ఈ ఉద్యమం మీద వచ్చిన కథలు ఎక్కువగా పెళ్లి పీటల దగ్గర శుభం పలికేశాయి. పీటల వెనక తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు కథకుడికి అడ్డు. ఇక చాలా కులాల్లో మారుమనువు ఎప్పటి నుంచో ఉంది. ఆ ఇళ్లు మన రాతకోతల్లోకి వచ్చిందే ఆలస్యంగా.

ఎనభైల చివర గుంటూరులో ముప్పై దాటిన విధవరాలు, ఎనిమిదేళ్ల కొడుకు. పెళ్లి మాట ఎవరు తెచ్చారు? పిల్లవాడిని వదిలేసి రమ్మని అటువైపు వాళ్లు అడిగారా? అడిగితే ఆమె ఏ మాట ఇచ్చి మిమ్మల్ని తెచ్చుకుంది? పద్దు పుస్తకం ఆ మాటలో భాగమా, లేక ఆయన బుర్రలో పుట్టిన సొంత తెలివా? చదివి వినిపించే సెలవు రోజుల్లో ఆమె వంటింట్లో ఏం చేస్తుండేది? మీకు తెలియదు. నాకు అసలే తెలియదు. తెలిసిన మనిషి మీ ఇంట్లోనే ఉంది, మీ కథలన్నీ చదివి ఊరుకుంటోంది.

అడగండి. ఎదురుగా కూర్చుని సాక్ష్యం తీసుకున్నట్టు వద్దు. మధ్యాహ్నం ఆమె చింతపండు గింజలు తీస్తున్నప్పుడు పక్కన కూర్చుని, 'తాతయ్య వాళ్లు అప్పుడు నిన్ను ఏమన్నారమ్మా?' అని ఒక్క ప్రశ్న వేయండి. బాబాయి పేరు ముందుగా ఎత్తకండి. మొదటిరోజు ఏమీ చెప్పకపోవచ్చు. 'ఇప్పుడవన్నీ ఎందుకురా' అంటారు మన తల్లులు, ఆ మాటకు అర్థం చెప్పనని కాదు. ఒకవేళ నిజంగానే చెప్పనంటే అక్కడితో వదిలేయండి. చెప్పకపోవడాన్ని చెప్పకపోవడంగానే నవలలో రాయండి. ఆమె నోట్లో మాత్రం మీరు మాటలు పెట్టవద్దు. మన నవలల్లో తల్లుల చేత చివరి అధ్యాయంలో ఉపన్యాసాలు ఇప్పించే అలవాటు ఒకటుంది, నాకు పడదు. ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆమె ఇటు తిరిగితే మీకు కోపం రావచ్చు, ఇన్నాళ్లూ ఆయన మీదే ఉందనుకున్న కోపం. వస్తే రానివ్వండి, అదీ రాయవలసినదే.

చెల్లెలి విషయంలో మీరు రాసిన తీరు నాకు నచ్చలేదు. 'దానికి పద్దు లేదు' అన్నారు. నిజమే, అది ఆమె చేసిన తప్పు కాదు. ఆమె 'మా నాన్న అలాంటివాడు కాదు' అన్నప్పుడు అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు ఉన్న నాన్న అలాంటివాడు కాదు. ఇందాక చెప్పిన టోబియాస్ వుల్ఫ్‌కు జెఫ్రీ అని ఒక అన్న ఉన్నాడు. తల్లిదండ్రులు విడిపోయినప్పుడు జెఫ్రీ తండ్రి దగ్గర, టోబియాస్ తల్లి దగ్గర పెరిగారు. అన్న 1979లో కన్నతండ్రి గురించి పుస్తకం రాశాడు, తమ్ముడు పదేళ్ల తరువాత మారుతండ్రి గురించి రాశాడు. ఒకే కుటుంబం, రెండు ఇళ్లు, రెండు పుస్తకాలు. మీ ఇంట్లో గోడలు కూడా వేరు కాదు. ఒకే గదిలో, ఒకే సెలవు రోజున, ఒకరు నిలబడి బాకీ అప్పజెప్పారు, ఇంకొకరు బహుశా ఆయన ఒళ్లో కూర్చుని విన్నారు. అన్నయ్య ఎందుకు అంకెలు చెబుతున్నాడని మూడేళ్ల పిల్ల అనుకుని ఉంటుంది? ఆ పుస్తకాన్ని తండ్రి పోయాక ఆమె పారేయకుండా ఎందుకు దాచింది? మీ మీద కోపం ఉన్న మనిషి ముందు చేయవలసిన పని దాన్ని చింపి పొయ్యిలో పెట్టడం. చేయలేదు.

గుంటూరు నుంచి విజయవాడ బస్సులో గంట ప్రయాణం. వెళ్లండి. కథ గురించి వాదించడానికి వెళ్లకండి, పుస్తకం చూడాలని ఉందని చెప్పండి. చూపిస్తే అక్కడే కూర్చుని చదవండి, తీసుకుపోతానని అడగవద్దు. ఏ సంవత్సరంతో ఆగిపోయిందో, చివరి పద్దు ఏమిటో చూడండి. మధ్యలో ఎక్కడైనా చేతిరాత మారిందేమో చూడండి. ఆమె ఏం చెప్పినా మధ్యలో సవరించకుండా వినండి. అది మీ జ్ఞాపకానికి విరుద్ధంగా ఉంటే ఇంకా మంచిది, నవలకు రెండో గొంతు దొరుకుతుంది.

పనిలో పనిగా మీ వాటా కూడా రాయండి. వుల్ఫ్ పుస్తకాన్ని నిలబెట్టింది మారుతండ్రి దుర్మార్గం కాదు. తాను చెప్పిన అబద్ధాలు, మంచి బడిలో చేరడానికి దొంగతనంగా తానే రాసుకున్న సిఫారసు ఉత్తరాలు, అన్నీ దాచకుండా రాశాడు. మీ కథల్లో పిల్లవాడు వణకడం తప్ప ఏ పనీ చేయడు. ఆయన జేబులో చిల్లర ఎన్నడూ తీయలేదా? చెల్లెలిని ఎవరూ చూడకుండా గిల్లలేదా? ఆయన పోతే బాగుండునని దేవుడికి కొబ్బరికాయ మొక్కుకోలేదా? అంత మంచి పిల్లవాణ్ని నేను నమ్మలేకపోతున్నాను.

నిద్ర సంగతి. ఇలాంటివి రాసిన రోజున మనసు చెదరడం అందరికీ ఉన్నదే. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, జీవితంలో బాధపెట్టిన సంఘటనల గురించి రాయించారు. జరిగిందీ దానితో పాటు తమకు కలిగిన భావాలూ కలిపి రాసినవారు రాసిన వెంటనే మరింత దిగులుపడ్డారు, తరువాతి నెలల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. పదిహేను నిమిషాలే అన్నది గమనించండి. మీరు అర్ధరాత్రి దాకా కూర్చుని ఆ గదిలోనే ఉండిపోతున్నారని నా అనుమానం. పొద్దున రాయండి, గంట కొట్టినట్టు ఆపేయండి, ఆపాక మనుషులున్న చోటికి వెళ్లండి. అయినా నిద్ర రాకపోతే, పగటిపూట కూడా ఆ దృశ్యాలు వద్దన్నా కళ్ల ముందుకు వస్తుంటే, నవలను పక్కన పెట్టి డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ వారి 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

ఆయన అలా ఉండకపోతే రచయితను అయ్యేవాణ్నా అని అడిగారు. జాక్ లండన్‌కు ఇంటిపేరు ఇచ్చిందే మారుతండ్రి జాన్ లండన్, ఆ మనిషి మంచివాడు. అయినా జాక్ లండన్ రచయిత అయ్యాడు. మారుతండ్రి లేని డికెన్స్ రచయిత అయ్యాడు. మారుతండ్రుల చేతుల్లో దెబ్బలు తిని ఒక్క వాక్యమైనా రాయనివారు మీ యార్డులోనే ఎందరో ఉంటారు. ఫ్రెంచి కవి బోద్‌లేర్ తన మారుతండ్రి జనరల్ ఓపిక్‌ను జీవితాంతం ద్వేషించాడు. 1867లో పోయినప్పుడు పారిస్‌లో ఆ జనరల్ ఉన్న సమాధిలోనే పెట్టారు. రాతి మీద జనరల్ గారి బిరుదులన్నీ చెక్కి, కవిని ఆయన మారుకొడుకు అని మాత్రమే చెక్కారు. పాపం, చచ్చాక బోద్‌లేర్‌కు అడ్డు చెప్పే వీలు లేదు. మీకు ఉంది. బలపాలూ చెప్పులూ ఆయన ఎలాగూ రాసుకున్నారు, కథలను కూడా మీరే తీసుకెళ్లి ఆ ఖాతాలో ఎక్కించకండి.

చెల్లెలి భర్త దావా మాట గురించి రెండు ముక్కలు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను ప్రకారం, పోయిన మనిషి మీద వేసిన నింద కూడా పరువునష్టం కావచ్చు. బతికుంటే అతని పరువుకు భంగం కలిగేదై ఉండాలి, అతని కుటుంబాన్ని నొప్పించాలన్న ఉద్దేశం కూడా ఉండాలి. కాబట్టి కమీషన్ కొట్టు పేరు, వీధి, లైను నంబరు, జబ్బు వివరాలు మార్చండి. మిర్చి యార్డును మార్చనక్కరలేదు, అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. అచ్చుకు ఇచ్చేముందు ఒక వకీలు చేత చదివించుకోండి. దానికన్నా ముందు చెల్లెలి చేత చదివించండి. ఒప్పుకోవాలని కాదు, అచ్చులో మొదటిసారి చూసి ఉలిక్కిపడకుండా.

కలం పేరు మీ ఇష్టం. అమ్మగారు ఒకే ఇంట్లో ఉంటూ మీ కథలన్నీ చదువుతున్నారు, చెల్లెలు మొదటి పేరాకే గుర్తుపట్టేస్తుంది, ఇక బ్రాడీపేటలో ఎవరి దగ్గర దాక్కుంటారో నాకు అర్థం కాలేదు.